అరువు తెల్లకోట్లు

మంగళవారం రాత్రి, ఏలూరు

ఇవాళ మా నర్సింగ్ హోమ్‌కి తనిఖీ వచ్చింది. మంచాలకి సరిపడా నర్సులున్నారో లేదో చూస్తారట. ఉన్నది పగలు నేనొక్కదాన్ని, రాత్రికి కుమారి ఒక్కతె. డాక్టరుగారు రిసెప్షన్ దుర్గకీ, మందుల షాపు అమ్మాయికీ, ఊడ్చే మంగమ్మకీ కొత్త తెల్లకోట్లు తొడిగించారు. "కాసేపు నిలబడండమ్మా, చాలు. పేషెంట్లని మాత్రం ముట్టుకోకండి" అన్నారు. వచ్చినవాళ్ళు కోట్లు లెక్కపెట్టుకుని, కొర్రమీను పులుసుతో భోంచేసి వెళ్ళారు. మొహాలు ఎవరు చూశారు గనక!

సాయంత్రం పై అంతస్తులో ఒకాయనకి ఆయాసం వస్తే అక్కడే ఉండిపోయాను. కింద కొల్లేటి లంక నుంచి వచ్చిన సూరమ్మగారికి సెలైన్ అయిపోయి, నెత్తురు గొట్టంలోకి ఎక్కింది. పరిగెత్తుకొచ్చి సూది తీస్తుంటే ఆవిడ నా చెయ్యే నిమిరింది.

"మీరొక్కరే ఎక్కడని తిరుగుతారమ్మా? పొద్దున్న అంతమంది నర్సమ్మలున్నారు కదండీ, వాళ్ళని పిలవండి."

డ్యూటీ దిగి వెళ్ళిపోయారన్నాను. అబద్ధం కూడా కాదు.

ఇంటికి బయల్దేరుతుంటే డాక్టరుగారు ఆ కోట్లు నా చేతికే ఇచ్చారు. "ఉతికి దాచమ్మా, మళ్ళీ పనికొస్తాయి."

ఇందాక బకెట్లో వేస్తూ చూశాను. ఆ మూడింటి మీదా ఒక్క మరక లేదు. సూరమ్మగారి నెత్తురంతా నా కోటు మీదే ఉంది.