మిష్రిఫ్ ఇంట్లో మా జేజి

మిష్రిఫ్, కువైట్
సెప్టెంబరు 1990

ఓబులేసన్నా,

మనవాళ్లను తరలించే బస్సెక్కి వచ్చేయమని కబురంపావు. ఇప్పుడే రాను. ఇరాక్ సైన్యం రాగానే నేను పనిచేసే ఇంటి యజమానురాలు మామా, ఆమె ఇంటివాళ్లు సౌదీ వెళ్లిపోయారు. ఇల్లు నాకప్పగించారు.

నూరేళ్ల కిందట ఒక వకీలు పసిఫిక్ దీవుల రాజ్యమంతా తిరిగి చూసి రాసుకున్న సంగతులు, తీసిన ఫొటోలు మామాకు ప్రాణం. తర్వాత ఆ రాజ్యాన్ని ఓ పెద్ద దేశం మింగేసిందట.

సైనికులు ఇళ్లు దోస్తున్నారని ఆ కాగితాలు బియ్యం బస్తాలో దాచాను. ఆ రాజ్యపు రాణి పటం మాత్రం బస్తాలో పట్టలేదు. బొట్టు పెట్టి, ప్లాస్టిక్ పూలదండ వేసి గోడకు తగిలించాను.

నిన్న టీవీ మోసుకుపోతూ ఒకడు, "ఎవరీమె?" అని చెయ్యి చాపాడు.

"చచ్చిపోయిన మా జేజి. ముట్టుకుంటే ఊరుకోను!"

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆమెను ఒకసారి దోచేశారన్నా. రెండోసారి నేనుండగా జరగనియ్యను.

నీ చెల్లెలు