మలీద మీద పురుగు

తాండూరు,
6-11-1982.

కన్నబిడ్డ చిరంజీవి సులోచనకు నీ అవ్వ దీవించి రాసేది. ఈడ మేము మంచిగనే ఉన్నం. బెంగుళూరుల నువ్వు గూడ మంచిగుండాలె. గింతవరకే రివాజు బిడ్డా, ఇగ మిగిలిందంత కోపం. చేతుల పని ఉంటె పక్కకు పెట్టి, చాయ తాగి, నిమ్మలంగ కూసొని సదువు.

నీ ఉత్తరం దసరా ముందే అందింది. జవాబు రాలేదేందని మల్లొక కార్డు ఏసినవు, అవ్వకు పానం బాగలేదా అని అడిగినవు. నా పానానికేం కాలే. కలం పట్టుకుంటె తిట్లే వస్తున్నయి, అందుకే రాయలే. రాత్రిబడిల నేర్చుకున్న అక్షరాలు తిట్లకు సాలయి గద.

ముందుగాల నువ్వడిగిన దానికి జవాబు చెప్త. మీ నాయిన కాలు మానుతున్నది. ఎండకాలంల పాలిష్ మిషిని కాడ బండ పడి అయిన పుండు, నీళ్లల్ల బురదల నిలబడి పెద్దగైన పుండు, షక్కర్ బీమారి ఉన్నదని తెలిసి మందులు మింగినంక గూడ మానని పుండు, అది ఇప్పుడు అంచులకెల్లి ఎండుకుంట వస్తున్నది. పోయిన వారం రైలుకు వికారాబాద్ దవాఖానకు పోయినం. సీసల నీలిమందు పోసి, అండ్ల మూత్రం ఏసి మరగబెట్టిన్రు. యాదికున్నది గద, మొదలు చూసినప్పుడు ఇటుక రంగు వచ్చింది. ఈసారి నీలిది నీలిగనే ఉన్నది, షక్కర్ దిగిందన్నరు. వేలు తీసుడు అక్కర లేదని డాక్టరు చెప్పిండు. లేకుంటె ముందు వేలు, ఆ తర్వాత పాదం అని గా డాక్టరే అన్నడు గదా. వచ్చేటప్పుడు టేషన్ల మిరపకాయ బజ్జీలు ఏపుతుంటె మీ నాయిన అటు దిక్కు మొకం గూడ తిప్పలే.

నువ్వు నేర్పిన తాలీం పని చేసింది. అబద్ధం రాస్తె పాపం కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్న. నా కోపం గూడ గా తాలీం మీదనే.

సెలవులకు వచ్చినప్పుడు నువ్వేం చేసినవో నీకు యాదికున్నదా? మనసుకు గూడ తాలీం ఇయ్యొచ్చు, తీపి మీదికి పానం గుంజకుండ చెయ్యొచ్చు, బెంగుళూరుల మేము పని చేసే మనసు దవాఖానల పెద్ద డాక్టరమ్మ నేర్పిందని చెప్పి, మీ నాయినను పీట మీద కూసోబెట్టినవు. ముందల గిన్నెల నేను చేసిన మలీద పెట్టమన్నవు. నేను పిచ్చిదాన్ని, బిడ్డ అడిగింది గదా అని సజ్జరొట్టె దంచి, బెల్లం కలిపి, నెయ్యి పోసి, ఇలాచి ఏసి ముద్ద కట్టి తెచ్చిన. నువ్వేమన్నవు? కండ్లు మూసుకో నాయినా అన్నవు. ముద్ద మీద తెల్లపురుగు పాకుతున్నట్టు అనుకో అన్నవు. వాసన కొడుతున్నది, కడుపుల తిప్పుతున్నది, ఛీ అను, గిన్నెను నూకెయ్యి, నూకేసినంక పానం తేలికైతది, గాలి పీల్చు అన్నవు.

పురుగట, నా చేతి ముద్ద మీద. వాకిట్ల నిలబడి ఇన్న నాకు అరికాలు మంట నెత్తికెక్కింది. తాండూరు బజార్ల జిలేబీలు లేవా, లడ్డూలు లేవా, వాటి మీద పాకియ్యరాదా నీ పురుగులను? అడిగితె నువ్వు నర్సమ్మ తీర్గ నెమ్మదిగ చెప్పినవు.

"ఏది ఎక్కువ ఇష్టమో దాని మీదనే చెయ్యాలె అవ్వా. నాయినకు నీ మలీద కంటె ఎక్కువ ఇష్టం ఏమున్నది?"

గా మాట అబద్ధం గాదు. కొత్త కోడలుగ గీ ఇంటికి వచ్చినప్పుడు మీ నాయిన సిగ్గుతోని నా దిక్కు చూడకపోవు. నాతోని మాట్లాడిన మొదటి మాట "ఇంకింత ఉన్నదా?" అని, అది గూడ మలీద గిన్నె దిక్కు చూసుకుంట. గసుంటి మనిషికి నువ్వు గా గిన్నెల పురుగులు చూసుడు నేర్పిపోయినవు.

నువ్వు రైలెక్కి పోయినవు. ఆయన గా తాలీం ఇడిచిపెట్టలే. పని మీదికెల్లి రావుడు, కాల్లు కడుక్కునుడు, పీటేసుకొని కూసునుడు. ఇంత మలీద పెట్టవే, బిడ్డ చెప్పినట్టు చెయ్యాలె అనుడు. నేను చెయ్యాలె, ఆయన నూకాలె, నేను తీస్కపోయి వాడకట్టు బర్రెకు పెట్టాలె. నా మలీద తిని గా బర్రె నున్నగైంది.

అండ్ల నాకొక సంగతి సమజ్ గాలే. మీ నాయిన గిన్నె దిక్కు చూసుడు లేదు. ముందు నా మొకం చూస్తడు. చేతులు చూస్తడు. గప్పుడు కండ్లు మూసుకుంటడు, ఛీ అంటడు, గిన్నె నూకుతడు. కండ్లు తెరిస్తె నీళ్లు. పురుగును తలుసుకుంటె డోకు రావాలె గని కండ్లల్ల నీళ్లెందుకు? నాకు ఒక్కటే అనిపిచ్చింది. పురుగు ముద్ద మీదికెల్లి నా మీదికి ఎక్కింది. తిండితోని పాటు తిండి పెట్టేదాని మీద గూడ రోత పుట్టింది. గప్పటిసంది ఆయన ముందల కూసునుడు బంద్ చేసిన. రొట్టె, పప్పు పెట్టి అవతలికి పోయేదాన్ని. ఆయన పిలిస్తె పనున్నదనేదాన్ని. నీకు ఉత్తరం రాయకపోవుడు గూడ గా కోపంతోనే.

ఈ యేడు బతుకమ్మ, పీర్ల పండుగ ఒక్క వారంలనే వచ్చినయి. హాజిరాబీ నీకు తెల్వందా, మన గోడ పక్కామె, ముక్తార్ భార్య. ముక్తార్ గూడ గీ షక్కర్ తోనే పోయిండు గదా. మీ నాయిన ఆయన జనాజాను భుజాన మోసిండని, ప్రతి యేడు పీర్ల కొట్టం కాడ ఫాతిహా సదువుడు అయినంక ఆమె మొదటి మలీద మీ నాయిన చేతులనే పెడ్తది. ఈసారి గూడ పిలిచింది. ఆమె కొడుకు నిసార్ పీరు ఎత్తుకొని నిలబడ్డడు, డప్పులు కొడుతున్నరు, ఊరు ఊరంత ఆడనే ఉన్నది. నేను హాజిరాబీ పక్కన ఉన్న. మీ నాయిన చెయ్యి చాపిండు, ఆమె ముద్ద పెట్టింది. ఆయన మా ఇద్దరి దిక్కు చూసి కండ్లు మూసుకున్నడు. గట్టిగ ఛీ అని చెయ్యి ఇదిలిచ్చిండు.

పీర్ల ముందల మలీద మట్టిల పడ్డది. డప్పు ఆగిపోయింది. నిసార్ మొకం నల్లగైంది. హాజిరాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఇంట్లకు పోయింది. మీ నాయినకు అప్పుడు సోయి వచ్చి, పుండు కాలుతోనే కింద కూసొని, మట్టిల కలిసిన పలుకులన్ని ఏరి తువ్వాల కొసకు కట్టుకున్నడు. అందరి కాల్లు మొక్కిండు. గంత మనిషి గట్ల మొక్కుతుంటె నాకు నీ మీద ఎంత కోపం వచ్చిందో రాసుకుంట పోతె గీ కాయితం సాలదు.

ఇంటికి వచ్చినంక ఊకోలే. అడిగిన. పీర్ల మలీదల గూడ పురుగులు కనవడ్డయా నీకు, నా చేతిదంటె రోత, హాజిరాబీ చేతిది గూడ రోతనేనా అని అడిగిన. ఆయన గోడకు ఒరిగి కూసున్నడు.

"పురుగు నాకు ఎన్నడు రాలే నాగవ్వా," అన్నడు.

మొదటి రోజు కెల్లి ప్రయత్నం చేసిండట. నా చేతి ముద్ద మీద పురుగు పాకుమంటె ఎట్ల పాకుతది అన్నడు. బల్లిని అనుకున్నడట, అది గూడ రాలేదట. బిడ్డ సెలవు పెట్టుకొని వచ్చి ఇంత పానం పెట్టి చెప్తున్నది, నాకు రాదు బిడ్డా అంటె చిన్నబోతది అనుకొని, పురుగు కంటె ఎక్కువ భయమయ్యేది ఏమున్నదని ఎతుక్కున్నడట.

"గా ముద్ద తింటె ఏమైతదో అదే చూసిన. నీ నొసలు చూసిన, బొట్టు లేదు. చేతులు చూసిన, గాజులు లేవు. ఛీ అన్న. పీర్ల కాడ నువ్వు హాజిరాబీ పక్కన నిలబడ్డవు. ఇద్దరు ఒక్కతీర్గ కనవడ్డరు. నేను ఛీ అన్నది మలీదను గాదే."

చూసినవా బిడ్డా నీ తాలీం? నువ్వు రైలెక్కినప్పటిసంది గా మనిషి రోజు నన్ను ముండమోపిని చేసి చూసుకుంటున్నడు, నా పొయ్యి ముందల, తాను బతికుండంగనే. ఛీ అన్నప్పుడల్ల తన సావును నూకేస్తున్నడు. నేనేమో రోత పుట్టిందని అలిగి కూసున్న. మనసుకు తాలీం ఇచ్చేటోల్లు మనసుల ఏమొస్తున్నదో ఒక్కసారన్న అడగాలె గదా? పురుగు వచ్చిందా నాయినా అని నువ్వు ఒక్కపూట అడిగినవా? గింత సదువుకొని గంత మాట అడగకపోతివి.

గిప్పుడు నేను దాచిపెట్టిన మాట చెప్త, కోపం చెయ్యకు. సద్దుల బతుకమ్మ నాడు మలీదల కావాల్నని ఎక్కువ నెయ్యి పోసిన. వాసనకే ఆయన లొంగాలె, నా ముద్ద గెలవాలె, నీ పురుగు ఓడాలె అనుకున్న. తినమని బతిమిలాడిన గూడ. ఆయన నా మొకం చూసి, చేతులు చూసి, గిన్నె జరిపిండు. తింటె కాలుకు ఏమైతుండెనో నాకు తెల్వదా? తెలిసే పెట్టిన.

మర్నాడు హాజిరాబీ కాడికి పోయి ఉన్నదంత చెప్పిన. ఆమె, "మా ముక్తార్ నన్ను గట్ల ఒక్కనాడన్న చూసుకుంటె బతికుండునేమో," అన్నది. సాయంత్రం పుట్నాలు కొంగుల పోసుకొని వచ్చి మీ నాయిన చేతుల పెట్టి, ఇగ యేడు యేడు నీకు గివే హన్మయ్యా, మలీద లేదు అని చెప్పి పోయింది. నిసార్ గూడ తెల్లారి వచ్చి చాయ తాగి పోయిండు.

ఇంట్ల మలీద చేసుడు బంద్ చేసిన. బర్రె రెండు దినాలు దర్వాజ కాడ నిలబడి అరిచి పోయింది. మీ డాక్టరమ్మను అడిగి ఇంకేదన్న తాలీం ఉంటె రాయి, బొట్టు గాజులు లేని గా బొమ్మను మాత్రం ఆయన కండ్లల్లకెల్లి తీసేయాలె. నువ్వు రాసేదాక నా ఉపాయం నాది. బజార్ల చేతి నిండ ఎర్రగాజులు ఏయించుకున్న. నొసటికి రూపాయంత బొట్టు పెడుతున్న. జొన్నరొట్టె, పప్పు పెట్టి అవతలికి పోవుడు లేదు, ఎదురుంగ పీటేసుకొని కూసుంటున్న. చూడు, ఎంత చూస్తవో చూడు అంటున్న.

రాత్రి గూడ గట్లనే కూసున్న. రొట్టె తుంచుకుంట నా దిక్కు చూస్తున్నడు. ఏం కనవడుతున్నదని అడిగిన.

"బొట్టు జర పెద్దగైంది," అన్నడు. ఇంకొక రొట్టె ఉన్నదా అని అడిగిండు.

ఇట్లు,
కోపం ఇంక సగం తీరని నీ అవ్వ,
నాగవ్వ.