ఆయన కంటికి చిన్నగైన తెర

శుక్రవారం రాత్రి, వనపర్తి

ఈయాల మా ఆయనతోటి సినిమాకు పోయిన. ఆయన ఎన్నో ఏండ్లు ఆపరేటర్‌గ చేసిన హాలే. చదరం బొమ్మ పోయి వెడల్పుండే స్కోపు బొమ్మ వచ్చిన కాలంల తెరను రెండు దిక్కుల పెంచి కట్టించింది ఆయనే. కొత్త లెన్సు పెట్టకుంటే మనుషులు సన్నగ, పొడుగ్గ పడుతరని నాకు చెప్పేటోడు.

బొమ్మ పడంగనే లేచి గేటు కాడున్నతన్ని అడిగిండు. "ఏందిరా, అంచులు కోసిండ్రు? మళ్ల పాత చిన్న తెర కట్టిండ్రా?"

"గోడ నుంచి గోడదాంక ఉన్నది గద తాతా. పక్కింట్లకు జరపాల్నా?" అని అతను నవ్విండు.

నేను చూసిన. బొమ్మ నిండుగనే ఉన్నది. మొన్న ఆయనకు దర్వాజ తగిలింది, నిన్న పక్కకున్న చెంబు తన్నిండు. అప్పుడు పరాకు అనుకున్న.

"నువ్వు చెప్పవే, చిన్నగ లేదా?"

"చిన్నగనే ఉన్నదయ్యా" అన్న.

ఇంటికొచ్చేటప్పుడు లారీలొచ్చే దిక్కు నేనే నడిచిన. ఆయన చూపే రెండు దిక్కుల తగ్గుతున్నది, ఆయనకు తెల్వదు. తెలిస్తే అన్నం తింటడా. రేపు "నా కండ్లు మసకైనయి, తోడు రా" అని దవాఖానకు తీస్కపోత. ముందుగల ఆయన్నే చూడమని డాక్టరుకు ఎట్ల చెప్పాల్నో...