దుర్గకి ఈసీజీ తీయించాను

శ్రీనూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీలాగే ఆటలో కుప్పకూలిన ఒక కుర్రాడి గురించి పేపర్లో చదివి, ఇది తోబుట్టువులకీ ఉండొచ్చని అందులో రాసుంటే, ఇవాళ చెల్లిని రాజమండ్రి తీసుకెళ్లి ఈసీజీ తీయించాను. ఛాతీకి వైర్లు తగిలించి ఒక కాగితం తీశారు. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ పది నిమిషాలు నీకెవరూ ఇవ్వలేదని ఒళ్లు మండిపోయింది.

కబడ్డీ ఆడుతూ నువ్వు మొదటిసారి పడిపోయినప్పుడు అందరూ ఫిట్స్ అన్నారు. నేను పరిగెత్తుకొచ్చి రైస్‌మిల్లు తాళాలు నీ గుప్పిట్లో పెట్టాను. నీ అంతట నువ్వే లేచావు, మేం తాళాల మహిమ అనుకున్నాం. రెండోసారీ అంతే. మూడోసారి కూడా తాళాలే పెట్టాను తమ్ముడూ.

ఇదంతా విని డాక్టరు గారు, "అది ఫిట్స్ అయ్యుండదయ్యా, గుండె లయ తప్పి ఉంటుంది. ఈ అమ్మాయి కాగితంలోనూ తేడా ఉంది. మందులు వాడాలి. ప్రస్తుతానికి పరుగు ఆపెయ్యాలి" అన్నారు.

దుర్గకి జిల్లా పరుగు పోటీలు వచ్చే వారమే. బస్సులో ఒకటే గొడవ.

"నాకేం లేదు, నేను పరిగెడతాను."

"కాళ్లు విరగ్గొడతాను."

"మిల్లులో బెల్టులు మార్చేవోడివి, నీకేం తెలుసు అన్నయ్యా?"

నిజమే, నాకేమీ తెలియకే నిన్ను పోగొట్టుకున్నాను.

ఇప్పుడు వంటింట్లో గిన్నెలు విసిరికొడుతూ నన్ను తిడుతోంది. అమ్మ కసరబోతే నేనే ఆపాను.

"తిట్టనీ అమ్మా, ఎన్నేళ్లైనా తిట్టనీ."