నేను రాయని పేరు

4 ఆగస్టు 2003, బందరు

థర్డ్ ఇయర్ వాళ్ళకి p53 చెప్పాను. కణంలో DNA దెబ్బతింటే ఈ ప్రొటీన్ ముందు విభజన ఆపిస్తుంది. రిపేరుకి టైమిస్తుంది. రిపేరు కాకపోతే చచ్చిపొమ్మంటుంది. కణం నోరెత్తకుండా చచ్చిపోతుంది. ఆ ప్రొటీనే చెడిపోతే దెబ్బతిన్న కణం చావదు, పెరుగుతుంది. అదే క్యాన్సర్.

బిందు లేచి, అయితే మన ఒంట్లో రోజూ చావులేనా మేడమ్ అంది. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. తమ్ముడు నతానియేలు పోయి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు.

6 ఆగస్టు

మా ఇంట్లో క్యాన్సర్‌తో పోయినవాళ్ళ లిస్టు రాశాను. అమ్మ వాళ్ళ నాన్న, తాతయ్య, మెదడులో గడ్డ, నలభై ఒకటి. అమ్మ, రొమ్ము, ముప్పై ఆరు. తమ్ముడు, తొడ ఎముక, ఇరవై ఏడు. నాకు ముప్పై మూడు నిండాయి. ఏళ్ళు మీదపడినదల్లా జ్ఞానమ్మ పెద్దమ్మ ఒక్కతే. ఫోన్ చేస్తే, ప్రభువు పిలిచాడమ్మా అంది. ప్రభువుకి మా ఇంటి నంబరు తప్ప ఇంకోటి గుర్తుండదా అని కసిరాను. అనకూడదు. అన్నాను.

అమ్మ తోడబుట్టిన మావయ్య పేరూ అత్తయ్య పేరూ రాయలేదు. వాళ్ళని డెబ్భై ఏడు ఉప్పెన తీసుకుంది. గుడివాడ హాస్టల్లో ఉండబట్టి వాళ్ళబ్బాయి బతికాడు. ఆ పిల్లాణ్ణి పెద్దమ్మే పెంచి, చివరికి నా మెడకి తగిలించింది. బావకీ నాకూ పెళ్ళై పదేళ్ళు. నీళ్ళలో పోయినవాళ్ళకీ రక్తానికీ ఏం సంబంధం?

11 ఆగస్టు

హైదరాబాద్ ల్యాబ్‌కి నా రక్తం పంపాను, p53 జీను పుట్టుకతోనే చెడిందేమో చూడమని. నాకుంటే మా పాప శ్రీజకి వచ్చే ఛాన్స్ సగానికి సగం. దానికి ఎనిమిదేళ్ళు.

సూది గుచ్చేటప్పుడు బావ చెయ్యి పట్టుకున్నాడు. భయపడకే పిచ్చిదానా, నీకేం కాదు అన్నాడు. నీకేం, నీ రక్తం మంచిది అన్నాను.

29 ఆగస్టు

భయంగా ఉంది.

14 సెప్టెంబరు, మధ్యాహ్నం

చర్చి నుంచి వచ్చి శ్రీజ పడుకుంది. పక్కన కూర్చున్నాను. ఈ నిమిషాన ఆ చిన్న ఒంట్లో ఎన్ని కణాలు చెప్పిన మాట విని చచ్చిపోయాయో. ఏ ఒక్కటి విననట్టు ఊరుకుందో. దాని పొట్ట దగ్గర నోరు పెట్టి, చచ్చిపోండి, చచ్చిపోండి అని మెల్లగా అన్నాను.

అది కళ్ళు తెరిచి, ఎవర్నమ్మా అంది.

9 అక్టోబరు

నెగెటివ్! నాకు లేదు! శ్రీజని ఎత్తుకుని గిరగిరా తిప్పాను. బావ తొక్కుడు లడ్డూలు తెచ్చాడు. మధ్యలో తమ్ముడు గుర్తొచ్చాడు. అయినా నవ్వు ఆపలేదు. సిగ్గులేని మొహం.

12 అక్టోబరు, సాయంత్రం

అవనిగడ్డ వెళ్ళి పెద్దమ్మకి లడ్డూలిచ్చాను. లిస్టు చదివాను. అదేందే, మా తమ్ముణ్ణి మర్చిపోయావు అంది. మావయ్య ఉప్పెనలో కదా పోయింది అన్నాను.

అవునంది. మూడో రోజున శవాలన్నీ గట్టు మీద వరసగా పెట్టారట. ఒక్క మొహానికీ ఆనవాలు లేదట. మరెట్టా గుర్తుపట్టావు అని అడిగాను. లడ్డూ కొరుకుతూ చెప్పింది: పిక్క మీద కోడిగుడ్డంత గడ్డ ఉండేది కదే. ఆర్నెల్ల నుంచీ పెరుగుతా ఉంది. ఎముకదన్నాడు డాక్టరు. గుంటూరు తీసికెళ్దామనుకుంటా ఉండగానే ఆ మాయదారి గాలొచ్చింది.

తిరుగు బస్సులో ఏ ఊరు దాటానో తెలియలేదు. మావయ్య నుంచి బావకి. బావ నుంచి శ్రీజకి. రెండు వైపుల నుంచి వచ్చే రక్తంలో నేను ఒక్కవైపే చూసి గంతులేశాను. జువాలజీ చెప్పి బతుకుతున్నాను. తగలెయ్య నా చదువు.

ఇంటికొచ్చేసరికి బావ శ్రీజని భుజాలెక్కించుకుని ఆడిస్తున్నాడు. లిస్టు మడిచి బ్యాగు అడుగున పెట్టేశాను.

18 అక్టోబరు

శ్రీజకి తలంటాను. కాళ్ళకి నూనె రాస్తూ, పిక్కల దగ్గరికొచ్చేసరికి కళ్ళు మూసుకున్నాను. చేతులు చూస్తూనే ఉన్నాయి.