రాళ్ల దారికి తగిన సైకిలు

నరసరావుపేట, 1946, శనివారం

ఇవాళ సైకిలు కొన్నా. నా కన్ను తళతళలాడే కొత్త బండి మీద ఉంటే, షాపు మస్తాన్ తాత పాత బరువుబండి ముందుకు తోశాడు.

"బీదోడినని పాతది అంటగడతావా?" అని అరిచా.

"ఏందిరా ఆ కోపం? ఏం మోస్తావు?"

"ఊరూరా పంచే పుస్తకాలు. దుర్గి వైపు."

"ఆ రాళ్లకి సోకుబండి రెండ్రోజులు ఆగదు. ఇది తీసుకో. మిగిలే డబ్బుతో ఇంకాసిని పుస్తకాలు కొనుక్కో."

కళ్లు మూసుకుని, చక్రంలో ఒక్కో ఊచనీ వేలితో మీటి, మోత విని బిగించాడు. తిప్పితే వెంట్రుకంత వంకర లేదు! ఆ పాత బండికే డబ్బిచ్చా.

శ్రామికుల చేతుల గొప్పతనం గురించి ఎన్ని కరపత్రాలు చదివానో. ఆ చేతుల్ని చూడటం మాత్రం ఇవాళే. తప్పయిందని చెప్పకుండానే వచ్చేశా...