పదకొండో కుప్ప

ఫిబ్రవరి 1, శనివారం

నో బ్యాగ్ డే. పిల్లలు గోల పెడుతుంటే స్మార్ట్ టీవీలో ఒక సినిమా వేశాను. మగపిల్లల టీమ్‌లో ఒక అమ్మాయి ఆడి గెలిపించే కథ. చివర్లో స్టేడియమంతా లేచి నిలబడితే మా వాళ్లు బెంచీలు విరగ్గొట్టినంత పని చేశారు.

తొమ్మిదో తరగతి హేమలత ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. బెల్లయ్యాక వచ్చి, మన ఊరి క్రికెట్ టీమ్‌లో నేనూ ఆడొచ్చా సార్ అని అడిగింది. ఎందుకు ఆడకూడదు అన్నాను. స్కూల్లో పీఈటీని నేనే, ఊరి టీమ్‌కి కోచ్‌నీ నేనే. మాటదేముంది, వచ్చేసింది.

ఫిబ్రవరి 9, ఆదివారం

పక్కూరి టోర్నమెంట్. ఫస్ట్ ప్రైజు పొట్టేలు. హేమలతను దించాను. ఎడమచేతి స్పిన్. మొదటి ఓవర్లో అవతలివాళ్లు నవ్వారు. రెండో ఓవర్లో నవ్వలేదు. కమిటీ పెద్ద కదిరప్ప మైకులోనే, ఈ పాప యాడ నేర్చినాదప్పా ఈ బౌలింగు అన్నాడు. మీసం మీదికి నా చెయ్యి దానంతటదే పోయింది.

ఫిబ్రవరి 16, ఆదివారం

సెమీస్ గెలిచాం. మూడు వికెట్లు తనవే. ఆ మ్యాచ్ బాల్ మీద తేదీ రాసి తనకే ఇచ్చాను. వాళ్ల నాయన కుళ్లాయప్ప కూలికి పోయే మనిషి. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, మా పాపను మీ చేతుల్లో పెట్టినా సార్ అన్నాడు.

ఫిబ్రవరి 19, బుధవారం

బయ్యన్న పిలిపించాడు. మేం ప్రాక్టీస్ చేసే బీడు ఆయనది. వానల్లేక మూడేళ్లుగా శెనక్కాయ వేయలేదు, అందుకే మాకు గ్రౌండ్ అయింది. జెర్సీలూ ఆయనవే. కాఫీ ఇచ్చి మర్యాదగానే చెప్పాడు. ఆడపిల్లను పెట్టుకొని కప్పు కొడితే ఊర్లో మొగోళ్లు లేరంటారు సార్, ఫైనల్లో ఆ పాప బదులు మా పిల్లోడు వంశీగాన్ని ఆడించండి అన్నాడు. బెదిరించలేదు. నేను లేస్తుంటే మాత్రం, ఈ తూరి వానొస్తే బీడు దున్నల్ల అనుకుంటాండా అన్నాడు.

సరేనన్నాను. ఒక్క రోజు ఆలోచించి చెబుతానని కూడా అనలేదు.

ఫిబ్రవరి 20, గురువారం

హేమలతతో అబద్ధం ఆడాను. ఫైనల్లో ఆడపిల్లలు కూడదని కమిటీవాళ్లు అన్నారని చెప్పాను. బయ్యన్న పేరు చెప్పడానికి నోరు రాలేదు. నా పేరు చెప్పడానికి అసలే రాలేదు.

తను ఏడవలేదు. సినిమాలో కూడా మొదట కూడదనే అంటారు కద సార్ అంది.

ఫిబ్రవరి 22, శనివారం

కమిటీకి అర్జీ రాసుకొచ్చింది. రెండు పేజీలు. కింద గీత గీసి, కోచ్ సంతకం అని రాసింది. హెడ్మాస్టర్‌ని అడిగి పెడతానన్నాను. జేబులో పెట్టుకున్నాను. ఇంకా జేబులోనే ఉంది.

ఫిబ్రవరి 23, ఆదివారం, సాయంత్రం 6

గెలిచాం. వంశీ ఒక్క ఓవర్ వేసి పంతొమ్మిది పరుగులిచ్చాడు, అయినా గెలిచాం. ఓడిపోతే బాగుండునని అనుకున్నాను. కోచ్‌ని, అయినా అనుకున్నాను.

పొట్టేలును అక్కడే కోశారు. పదకొండు మందికి పదకొండు కుప్పలు, కోచ్‌కి ఒకటి. మా తనకల్లు వైపు తూకం వేసి పంచుతారు. ఇక్కడ అలా కాదు. ఒకడు కుప్పలకు వీపు పెట్టి నిలబడాలి. వెనకనుంచి ఇంకొకడు ఏదో ఒక కుప్ప చూపించి, ఇదెవురికి అని అడుగుతాడు. వీడు చూడకుండా ఒక పేరు చెప్పాలి. చిన్నదనీ పెద్దదనీ తగువుండదు. సారైతే తప్పు చెప్పడని నన్ను నిలబెట్టారు.

నేను తిరిగిన వైపే హేమలత ఉంది, సైకిల్ పట్టుకుని.

మా వికెట్ కీపర్ ఈరప్ప అడుగుతూ పోయాడు, నేను చెబుతూ పోయాను. పది పేర్లయ్యాయి. పదకొండోసారి ఇదెవురికి అన్నాడు. తను నన్నే చూస్తోంది. తన పేరు నాలుక మీదికి వచ్చింది. సారు నిద్ర పోయినాడప్పా అని ఎవరో నవ్వారు.

వంశీకి అన్నాను.

తను సైకిల్ స్టాండ్ వేసి నేరుగా కదిరప్ప దగ్గరికి పోయింది. ఏం అడిగిందో వినబడలేదు. ఆయన జవాబు మాత్రం మైకులో ఊరంతా విన్నది. మేమెందుకు వద్దంటాం పాపా, నీ ఆట సూసేకే వచ్చినారు జనం, మీ సార్నే అడుగు అన్నాడు.

తను సైకిల్ స్టాండ్ తీసి, నా పక్కనుంచే వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 24, సోమవారం

హేమలత స్కూలుకు రాలేదు. నా భార్య కృపాకుమారి నిన్న నేను తెచ్చిన పొట్టేలు కూర వండింది. నేను కంచం పక్కకు జరిపాను. జరిగిందంతా చెప్పాను. గిన్నె నిండా పెట్టి, ఇది ఇచ్చి వాళ్లకు నిజం చెప్పి రా పో అంది.

కుళ్లాయప్ప గిన్నె అందుకుని, మా పాపంటే మీకెంత అభిమానం సార్ అన్నాడు. తనింకా ఇంట్లో చెప్పలేదు. నన్ను కాపాడింది. నేనూ చెప్పకుండానే వచ్చాను. సిగ్గుమాలిన పని ఇంతకంటే ఉండదు.

ఫిబ్రవరి 25, మంగళవారం

గిన్నె తిరిగొచ్చింది. ఒకరింటి గిన్నె ఖాళీగా పంపకూడదు కదా. వాళ్లమ్మ సుంకమ్మ బెల్లమో అలసందలో పెట్టి ఉంటుందని కృపాకుమారి మూత తీసింది.

బాల్. తేదీ రాసిన వైపు పైకి పెట్టి ఉంది.